ఒరెస్తే మొహానికి పరాయి గొంతు

ఒరెస్తే గొంతు తెలియని ఆడది రోములో లేదు. మొహం మాత్రం రోజూ పాలుపోసేవాడు కూడా గుర్తుపట్టడు. పదిహేనేళ్లుగా ఇదే వరస. పరదేశపు అందగాళ్లు తెరమీద పెదవులు కదిపితే, చీకటిగదిలో మైకు ముందు నిలబడి ఇటలీ మాటలు పలికేది ఇతడు. తన బట్టతల, బానపొట్ట తెరకెక్కేది ఏ పోలీసుగానో, పెళ్లివిందులో తాగుబోతుగానో. అప్పుడు ఆ రెండు ముక్కలూ ఇంకెవడో పలుకుతాడు. షూటింగులో మాటలు పట్టే అలవాటే లేదాయె, ఎవడి గొంతైనా ఎవడి మొహానికైనా తరువాత అతికించుకోవచ్చు. ప్రియుడి గొంతు బట్టతలలోంచి వస్తే జనం నవ్వుతారట! ఇదెక్కడి న్యాయమో దేవుడికే తెలియాలి.

పంతొమ్మిదివందల యాభైనాలుగులో మాత్రం ఒక మంచి వేషం తగిలింది. కబేళాలో పనిచేసే ముసలి కసాయి. సినిమా పొడుగునా ఉంటాడు, చివర ఏడిపిస్తాడు. "గొంతు కూడా నీదే" అని దర్శకుడు చేతిలో చెయ్యేసి చెప్పాడు.

ఒరెస్తే నేరుగా తండ్రి దగ్గరికి పరిగెత్తాడు. సెస్తీలియో ముప్పైఏళ్లు రోములోనే తెస్తాచ్చో పేట కబేళాలో కత్తి పట్టినవాడు. ఎనిమిదేళ్ల క్రితం చూపు పోయింది. కొడుకు సినిమాకి ఒక్కసారీ రాలేదు. "ఎవడో పరదేశపు దొర మూతికి నువ్వు మాట్లాడితే నాకేంటిరా? నువ్వు నీకోసం మాట్లాడినప్పుడు చెప్పు, వస్తా" అనేవాడు.

"ఇప్పుడు నాకోసమే నాన్నా. నీ పనే చేస్తున్నా సినిమాలో."

ముసలాయన నెలరోజులు పాఠం చెప్పాడు. బెదిరిన ఆవును దగ్గరికి ఎలా పిలవాలో చెప్పాడు. "గట్టిగా అరిస్తే చెడుతుందిరా. కూతుర్ని పిలిచినట్టు పిలవాలి. రా తల్లీ, రా. భయం లేదు, నేనున్నాగా. అంతే. ఆ తర్వాత పాపం మనది." ఒరెస్తే ఆ మాటల్ని తండ్రి గొంతులోని గరగరతో సహా ఒంటబట్టించుకున్నాడు.

షూటింగు అయిపోయింది. డబ్బింగుకి పిలుపొచ్చింది. అక్కడ డబ్బింగు చేయించే పెద్ద, వల్మరీని అనేవాడు, చలువచొక్కా నలగకుండా కూర్చుని, తాపీగా చెప్పాడు.

"ఒరెస్తే, నువ్వు హీరోకి పలుకుతున్నావు."

"హీరోకా? మరి కసాయికి?"

"ఫ్లారెన్సు నాటకాలాయన వస్తున్నాడు. మంచి ఉచ్చారణ."

"కబేళావాడికి ఉచ్చారణేంటండీ బాబూ! నాకు మాటిచ్చారు."

"ఇచ్చింది దర్శకుడు, నేను కాదు. ఆ హీరో కుర్రాణ్ణి సముద్రపొడ్డున ఈతకొడుతుంటే పట్టుకొచ్చారు. నోరు తెరిస్తే మేకపిల్లే. నీ గొంతు లేకపోతే సినిమా మునిగిపోతుంది. ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకుంటారాయె, ఇద్దరికీ ఒకే గొంతు పెట్టలేం కదా?"

"హీరోకి నేను పలకను."

"పలక్కు. ఇంకొకణ్ణి పిలుస్తా. కసాయి గొంతు మాత్రం నీకు రాదు, రాసుకో."

సొమ్మొకడిది, సోకొకడిది! ఒరెస్తేకి వల్మరీని పీక పిసకాలనిపించింది. పిసకలేదు. కాంట్రాక్టు ఉంది, ఇంట్లో పెళ్లాంబిడ్డలున్నారు. మింగలేక కక్కలేక మైకు ముందుకెళ్లాడు.

డబ్బింగుకి సినిమాను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క రెండు కొసలూ అతికించి తిప్పుతారు. సరిగ్గా కుదిరేదాకా ఒకే ముక్క గిరగిరా వస్తూనే ఉంటుంది. ఆ రోజు వచ్చిన ముక్కలో హీరో కసాయిని గుమ్మంలోంచి గెంటేస్తాడు. తెరమీద ఒరెస్తే టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కింద ఒరెస్తే వాణ్ణి తిట్టాలి.

"నెత్తురు కంపు కొడుతున్నావు. నా గుమ్మం తొక్కకు!"

"ఇంకొంచెం అసహ్యంగా" అన్నాడు వల్మరీని.

పదిహేడుసార్లు తిట్టాడు. పదిహేడుసార్లూ తెరమీది తన మొహం తలవంచుకుంది. బయటికొచ్చి గోడను ఒక్క గుద్దు గుద్దాడు. చెయ్యి వాచింది, గోడకేమీ కాలేదు.

తండ్రికి చెప్పాలి. రెండుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి ముసలాయన ఎద్దుతోక కూర తింటూ, "నా మాటల్లో ఒక్కటీ మింగలేదుగా?" అన్నాడు. రెండోసారి సారాకొట్టు నిండా పాత కబేళా జట్టును కూడేసి, ఆదివారం అందరం సినిమాకి వెళ్తున్నామని చాటింపేస్తున్నాడు. ఒరెస్తే నోరు మూసుకున్నాడు. పిరికివెధవనని తనను తానే తిట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ముసలాయన టై కట్టుకుని హాల్లో ముందువరసలో కూర్చున్నాడు. కసాయి తెరమీదికి రాగానే జట్టంతా ఈలలు వేసింది. "అదుగో మన ఒరెస్తే!"

తెరమీంచి ఫ్లారెన్సు గొంతు, పాలమీగడలా, కవిత్వం చదివినట్టు మాట్లాడింది. సెస్తీలియో కొడుకు వైపు వంగాడు. "ఎవడ్రా వీడు? నిన్ను మాట్లాడనివ్వడేం?"

తరువాత హీరో నోరు విప్పాడు. ముసలాయన మొహం వెలిగింది. "ఆఁ, వచ్చావు!" కాసేపటికి ఆ గొంతే అంది: నెత్తురు కంపు కొడుతున్నావు. నా గుమ్మం తొక్కకు!

ముసలాయన టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆవును పిలిచే చోట కూడా కదల్లేదు.

బయట కాలిబాట మీద ముసలాయన కర్ర టకటకలాడించాడు. "కసాయి వేషం వెయ్యడానికి సిగ్గేసిందా?"

"నాన్నా, ఆ కసాయిని నేనే."

"కళ్లే పోయాయిరా, చెవులు కాదు. నీ గొంతు నాకు తెలీదా? నన్ను గుమ్మంలోంచి గెంటింది నువ్వే!"

"వాళ్లు మార్చేశారు నాన్నా! మొహం నాదే. అడుగు, నీ జట్టునడుగు!"

"అవును సెస్తీలియో, వీడే" అన్నారు జట్టువాళ్లు.

"మొహం మీకు కనిపిస్తుంది. నాకేది?"

ఒరెస్తేకి ఒళ్లు మండిపోయింది. వల్మరీని మీద, ఈతగాడి మీద, అన్నిటికన్నా తన మీద. జనం వెళ్తున్నారని కూడా చూడకుండా, కాలిబాట మధ్యలో నిలబడి, తండ్రి ఎదుట చెయ్యి చాచాడు.

"రా తల్లీ, రా. భయం లేదు, నేనున్నాగా."

ముసలాయన కర్ర ఆగిపోయింది. తడుముకుంటూ కొడుకు గొంతు మీద చెయ్యి పెట్టాడు. "మళ్లీ అను."

ఒరెస్తే మళ్లీ అన్నాడు.

"ఇది నా గొంతు కదరా" అన్నాడు సెస్తీలియో. చెయ్యి తియ్యకుండానే హాలు తలుపు వైపు మొహం తిప్పాడు. "మరి లోపల ఎందుకు లేదు?"