కింది అర్రలో మాట

కందిలిని తాడుకు కట్టి కిందికి వదిలి, నాగవ్వ మోకాళ్ల మీద వంగి చూసింది. దీపం ఆరలేదు. గాలి బాగానే ఉందన్నమాట. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, నడుముకు మోకు బిగించుకుని, నిచ్చెన మొదటి మెట్టు మీదికి కాలు దించింది.

వెంకటేశ్వర్‌రావు ఇంట్లో నడిమింటి నేల కింద ఉన్న ఆ గదిని అందరూ కింది అర్ర అంటారు. టేకు పలకల మూత ఎత్తితేనే దానికి దారి. ఒకప్పుడు నిండా వడ్లుండేవి. సర్కారు వడ్లు గుంజుకునే లెవీ పోయి పదేళ్లు దాటింది. విరిగినవి, పగిలినవి, పారేయడానికి మనసొప్పనివి మెల్లమెల్లగా అక్కడికి చేరాయి. ఈ ఏడు మెట్‌పల్లి అంగడిలో పసుపు ధర పడిపోయింది. వెంకటేశ్వర్‌రావు అమ్మనన్నాడు. మళ్లీ ఏటి దాకా బస్తాలు దాచాలంటే అర్ర ఖాళీ చేయాలి, గోడలు అలకాలి, ఆరబెట్టాలి.

ఆ పని నాగవ్వది. ముప్పై ఏళ్లుగా ఆమెదే. ఎండిన కందికట్టెలాంటి మనిషి, ఎంత ఇరుకు మూలలోకైనా ఒదిగిపోతుంది. ఆ ఇంట్లో చేసే చాకిరికి బదులుగా కొట్టం పక్కన చూరు కింద చాపంత జాగా, రెండు పూటల బువ్వ. నిన్న దొరసాని నిర్మలాదేవి, చేతగాకపోతే చెప్పమని, జీతగాడు హనుమండ్లు కోడలు దిగుతుందని, ఆ చూరు కూడా వాళ్లకే ఇద్దామని అంది. కోపంతో అనలేదు. నాగవ్వ తల అడ్డంగా ఊపింది. చలికాలం నుంచి ఆమెకు ఊపిరి అందడం లేదు. పడుకుంటే రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఒక్కరోజు బయటపడకుండా గడిస్తే చూరు నిలుస్తుంది.

బయటపడకుండా ఉండడమే కష్టం. కింది అర్రలో దిగిన మనిషి మాట తెంపకూడదని ఆ ఇంటి కట్టడి. పైవాళ్లకు వినపడేలా ఏదో ఒకటి అంటూనే ఉండాలి. మాట ఆగితే ఊపిరి ఆగినట్టే. వెంటనే మోకు లాగాలి. నేల మీద పొద్దంతా కలిపి పది మాటలు ఆడని నాగవ్వ, దిగినప్పుడల్లా అక్కడే నోరు విప్పేది.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా సామాను పైకి పోయింది. హనుమండ్లు గంప లాగుతున్నాడు. దొరసాని పీట మీద కూర్చుని, ఉంచేది వాకిట్లో కుడి పక్కకు, పారేసేది ఎడమ పక్కకు వేయిస్తోంది. నాగవ్వ కింది నుంచి ఒక్కో పేరూ చెబుతోంది. విరిగిన కుంచం. ఎలుకలు కొట్టిన గోనెలు. మూతి పగిలిన కాగు.

“బంగారం గిట్ల దొరికితే జర నాకు చెప్పు నాగవ్వా, దొరసానికి చెప్పకు,” అన్నాడు హనుమండ్లు, దొరసాని వింటుండగానే.

“తేలు దొరికింది. పంపాల్నా?”

దొరసాని నవ్వింది. ఆ రెండు మాటలకే నాగవ్వ గోడకు వీపు ఆనించి, నోరు తెరుచుకుని నిలబడిందని పైనున్న ఇద్దరికీ తెలియలేదు.

తిండి వేళ దాటాక దొరసాని నడుము వాల్చడానికి వెళ్లింది. హనుమండ్లు పసుపు కళ్లం దగ్గరికి పోయాడు. మోకు పట్టుకుని మూత దగ్గర వడ్లు దంచే బుచ్చవ్వ కూర్చుంది. నాగవ్వ కంటే పదేళ్లు చిన్నది.

పెండ కలిపిన ఎర్రమన్నుతో అలుకు మొదలైంది. ఖాళీ అర్రలో పేరు చెప్పడానికి ఇక వస్తువు లేదు. వాన సంగతి చెప్పింది. చూడి బర్రె సంగతి చెప్పింది. అవీ అయిపోయాయి. మాట తెగకూడదు.

“బుచ్చవ్వా, నేను గిండ్ల ఒక దినమంత ఉన్న.”

“ఎప్పుడక్కా?”

“లెవీ నాడు. వడ్ల మీద గడ్డి కప్పుతున్న. వడ్లు దేవులాడనీకి గిర్దావరు వచ్చిండని మూతేసిండ్రు. దాని మీద మంచమేసి ముసలి దొరసాని పండింది, జరమొచ్చినట్టు. సప్పుడు చెయ్యకన్నరు.”

చేయి గోడ మీద సగం సగం చక్రాలు తిప్పుతూనే ఉంది.

“నాకప్పుడు ఏడో నెల. నొప్పులు గీడనే వచ్చినయి. కొంగు నోట్ల కుక్కుకున్న.”

పైన బుచ్చవ్వ మూత అంచు మీదికి వంగింది.

“ఆడిపిల్ల. అది గూడ సప్పుడు చెయ్యలే.”

పొద్దుగూకాక మూత తీశారట. వడ్లు దక్కాయని ఆ పూట ఇంట్లో పాసెం వండారట. తనకూ ఒక గిన్నెడు పెట్టారట. తిన్నావా అని బుచ్చవ్వ అడగలేకపోయింది.

“ఆకలైంది. తిన్న,” అంది నాగవ్వ.

ఆ తర్వాత మాట రాలేదు.

బుచ్చవ్వకు కట్టడి తెలుసు. వేళ్లు మోకు మీద బిగిశాయి. కానీ లాగలేదు. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్న మాట బయటికి వచ్చాక మనిషి ఏడవదా? ఏడుస్తున్న మనిషిని నడుముకు తాడు కట్టి గుంజుతారా? ఏడ్వనీ, అనుకుంది. వింటున్నట్టు కనిపించడం కూడా బాగుండదని మొహం వాకిలి వైపు తిప్పుకుంది. వాకిట్లో ఎడమ కుప్ప మీదున్న ఎండ మెల్లగా కుడి కుప్ప దాకా జరిగింది.

“అక్కా, సాలు. ఇగ పైకి రా.”

ఇంకోసారి పిలిచింది. అప్పుడు లాగింది. మోకు బిగుసుకుని ఆగిపోయింది.

హనుమండ్లు దిగి చూశాడు. కందిలి వెలుగుతూనే ఉంది. గాలిలో తప్పు లేదు. నాగవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, చల్లబడిపోయి ఉంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

గంపలు లాగిన తాడుతోనే ఆమెనూ పైకి తెచ్చారు. ఇంత ఆయాసముంటే ఒక్క మాట చెప్పకపోయిందే అని దొరసాని రెండుమూడు సార్లు అంది. తాను విన్నది బుచ్చవ్వ ఎవరికీ చెప్పలేదు. మోకు ఎందుకు ఆలస్యంగా లాగిందో కూడా చెప్పలేదు. వారం తిరగకముందే కొట్టం పక్క చూరు కింద హనుమండ్లు కోడలు చాప పరుచుకుంది.

అలుకు ఆరాక పసుపు బస్తాలు కిందికి దిగాయి. తూర్పు మూలన జానెడు గోడ అలకకుండానే మిగిలింది. దాని కింద నేల మీద ఎర్రమన్ను ముద్ద ఒకటి, ఎండి రాయిలా గట్టిపడి, నాలుగు వేళ్లూ బొటనవేలూ దిగిన గుంటలతో.