పువ్వు ఒక్కటే పడ్డ ఫొటోలు

మా తమ్ముడు హాలిస్ తన కెమెరాను శనివారం ఫొటోల క్లబ్బుకు ఇచ్చేస్తానన్నాడు. వాడి చేతులు వణకడం మొదలై ఏడాదైంది.

అయినా అరిజోనాలో ఆగస్టు వానలు పడి, మా పెరటికి హమ్మింగ్ పిట్టలు రాగానే ఆఖరిసారి అంటూ కూర్చున్నాడు. అవి తాగడానికి వేలాడదీసిన చక్కెర నీళ్ల సీసాకున్న నాలుగు చిల్లుల్లో మూడింటిని టేపుతో మూశాడు. పిట్ట ఇక ఆ ఒక్క చోటికే రావాలి. సీసా ఫొటోలో పడకుండా చిల్లు ముందు ఎర్రపువ్వు కట్టాడు. పిట్ట పువ్వులోంచి ముక్కు తీసి, గాలిలో వెనక్కి జరిగే క్షణమే వాడికి కావాలి. కెమెరా స్టాండు మీద ఉంది, తీగ చివరి మీట వాడి చేతిలో ఉంది.

అరవై సార్లు నొక్కాడు. అరవైలోనూ పువ్వే ఉంది, పిట్ట లేదు.

"అయిపోయిందక్కా. పిట్ట పోయాక నొక్కుతోంది ఈ దిక్కుమాలిన చెయ్యి."

ముప్పై ఏళ్లుగా వాడికి ఈ పిట్టలే లోకం. ఇవీ పోతే వాడు ఏమైపోతాడోనని నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అదో జబ్బు.

"ఇలా తే! నొక్కడం కూడా ఓ పనేనా?" అని మీట లాక్కున్నాను.

నొక్కాను. పువ్వు. మళ్లీ నొక్కాను. పువ్వే. ఒకసారి తోక కొస పడింది. మధ్యాహ్నానికి నావీ అరవై అయ్యాయి.

"ఈ పిట్టలకి కుదురు లేదురా!"

"ఆడలేక మద్దెల ఓడందట."

ఒళ్లు మండింది. అప్పుడే తట్టింది.

"ఒరేయ్, నా చెయ్యి రాయిలా ఉంది కదా. మరి నాకెందుకు పడలేదు?"

వాడు కెమెరాలో నా ఫొటోలు మళ్లీ తిప్పి చూశాడు.

"ఇదివరకు ఎన్ని తీస్తే ఒకటి పడేది? నిజం చెప్పు."

"నాలుగొందలకి ఒకటి."

"మిగతావో?"

"పారేసేవాణ్ణి."

"మాకు ఆ ఒక్కటే చూపించి గొప్పలు పోయేవాడివి. ఇవాళ అరవైకే చేతిమీద నెట్టేస్తావేంట్రా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కనబడనీయలేదు.

"నువ్వు ముక్కు చూస్తున్నావక్కా. భుజం చూడాలి, వెనక్కి జరిగే ముందు అదే కదులుతుంది. ఇలా ఇయ్యి." మీట తీసుకున్నాడు. చెయ్యి వణుకుతూనే ఉంది.

"శనివారం క్లబ్బువాళ్లొస్తే ఏం చెప్పనురా?"

"నేను నొక్కాల్సినవి ఇంకా మూడొందల నలభై ఉన్నాయని చెప్పు."