పసుపు మరకల నవల

నేను ఒక నవలని. అట్ట ఊడిపోయింది గనక పేరు అడక్కండి. పుట్టింది పరాయి దేశంలో, తెలుగయింది బెజవాడలో. ఓ తెల్లవాళ్ల ఊళ్లో చేయని తప్పుకి నల్లజాతి వడ్రంగిని వెళ్లగొడతారు. అదంతా కళ్లారా చూసిన పక్కింటి పిల్ల చెప్పిన కథే నేను. ఒక చిన్న ఊరి శాఖా గ్రంథాలయంలో బీరువా ఎక్కాక పదకొండేళ్లు నన్నెవరూ ముట్టుకోలేదు. అంటరానితనం గురించి నాకు స్వానుభవం ఉందని పక్క పుస్తకాలతో గొప్పలు చెప్పుకునేదాన్ని.

నన్ను మొదట ఇంటికి తీసుకెళ్లింది సువార్త. ఎనిమిదో తరగతి. తండ్రి ఏసోబు తాపీ పని చేస్తాడు. ఎస్సీ కాలనీ మొత్తానికి గ్రంథాలయం కార్డు ఉన్నది ఆ పిల్ల ఒక్కదానికే. ఆ కార్డు లేకపోతే బడి పుస్తకాలు తప్ప ఆమెకి చదవడానికి మరేమీ లేదు. పాత క్యాలెండరు కాగితంతో నాకు అట్ట వేసింది. చదివిన చోట గుర్తుకి కోడి ఈక పెట్టింది. పద్నాలుగు రోజులు మహారాజభోగం అనుభవించాను.

గడువు రోజున ఆమె నన్ను తిరిగిస్తుంటే పురుషోత్తం మాస్టారు అక్కడే ఉన్నారు. రిటైరైన హెడ్మాస్టరు, ఊరికి పెద్ద దిక్కు. గ్రంథాలయ వారోత్సవాల్లో ఉపన్యాసానికి ఆయనకో మంచి పుస్తకం కావాలి. బల్ల మీంచి నేరుగా ఆయన సంచిలోకి చేరాను.

ఇంటి గుమ్మంలో ఆయన భార్య సుభద్రమ్మగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎవరింటి నుంచి వచ్చిందండీ అది?"

"ఏసోబు కూతురు చదివిచ్చింది."

"అట్లాగే ఉండండి."

ఆవిడ క్యాలెండరు అట్ట పీకించి అవతల పారేయించారు. చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి, మాస్టారు నన్ను తిప్పి తిప్పి పట్టుకుంటే మామిడాకుతో చల్లారు. తొమ్మిదేళ్ల మనవరాలు సుధేష్ణ అరుగు మీద కూర్చుని అంతా చూసింది.

"పుస్తకానికి అమ్మవారు పోసిందా నానమ్మా?" అని అడిగింది.

"నోర్మూసుకుని లోపలికి పో."

మాస్టారు మాత్రం మెత్తని మనసున్న మనిషి. వడ్రంగి ఊరు విడిచే చోట వెక్కి వెక్కి ఏడ్చారు. "ఎంత పాపిష్ఠివాళ్లే ఆ తెల్లవాళ్లు!" అని భార్యకి చెబితే ఆవిడా కళ్లొత్తుకున్నారు. ఆ కన్నీళ్లు సాయంత్రానికి ఆరిపోయాయి. పసుపు మాత్రం నలభయ్యో పేజీ దాకా దిగింది.

సభ రోజున మాస్టారు నన్ను బల్ల మీద పెట్టారు. గ్రంథపాలకుడు బసవయ్య తెరిచి చూసి ఉలిక్కిపడ్డాడు. మాస్టారి ఇంట్లో పుస్తకం పాడవుతుందన్న ఊహే అతనికి రాలేదు. వెనక వరుసలో ఉన్న సువార్తని పిలిచాడు.

"ఏం పిల్లా, పప్పులో ముంచుకు తిన్నావా దీన్ని? కార్డు పెట్టు ఇక్కడ."

"నేను చెయ్యలా సార్. అట్టేసి మరీ ఇచ్చానండి. మీరే చూశారుగా."

"ఎదురు చెప్పమాక. కార్డు పెట్టు."

అప్పుడు ముందు వరుసలోంచి సుధేష్ణ లేచింది. "అక్క కాదు. మా నానమ్మ పసుపు నీళ్లు చల్లింది. తాతయ్య పట్టుకున్నాడు."

మాస్టారు తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చిన్నపిల్ల. ఏదో కలగన్నట్టుంది" అన్నారు. బసవయ్య హమ్మయ్య అనుకుని కార్డు తీసి సొరుగులో వేసుకున్నాడు.

తర్వాత మాస్టారు నా గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. అద్భుతంగా మాట్లాడారు. పక్కింటి పిల్ల నిజం చెప్పినా ఎవరూ నమ్మని ఘట్టం దగ్గర ఆయన మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది. మూడు వందల పేజీల మాటలున్నాయి నాలో. సువార్త తరఫున ఒక్కటీ పైకి రాలేదు.

నన్ను పాడైన పుస్తకాల గోనెలో పడేశారు. మర్నాడు సుధేష్ణ గోనెలోంచి నన్ను లాగి, బడి సంచిలో దాచి, కాలనీకి నడిచింది. దొంగతనమే. నేను అభ్యంతరం చెప్పలేదు.

సువార్త వాకిట్లో గిన్నెలు తోముతోంది. తలెత్తకుండానే "ఎందుకొచ్చా?" అంది.

"ఇది నీకిద్దామని. నేను నిజమే చెప్పా అక్కా."

"తెలుసు. ఎవరు నమ్మారు?"

"ఇందులో పిల్లని కూడా నమ్మలేదంటగా. తాతయ్య చెప్పాడు. మరి తర్వాత ఆ పిల్ల ఏం చేసింది?"

"అది చెప్పలేదా మీ తాతయ్య?"

"ఊహూఁ."

"పెద్దయ్యాక జరిగిందంతా రాసింది. పేర్లతో సహా. నువ్వు పట్టుకొచ్చింది అదే."

సుధేష్ణ నా వంక చాలాసేపు చూసింది.

"తాతయ్యల పేర్లు కూడానా?" అని అడిగింది.

సువార్త గిన్నె పక్కన పెట్టింది. తడి చేతులు తుడుచుకుని, పీట ముందుకు జరిపి, కూర్చోమంది.