మిర్చి మోసిన గోనె చెయ్యి

నేను ఒక చేతిని. ఒళ్ళు లేదు, భుజం లేదు, వేళ్ళు అసలే లేవు. గోనెపట్టా మడతల మీద మడతలు వేసి కుట్టిన ఎడమ చేతి తొడుగుని. కుక్కల చేత కరిపించుకోవడం నా ఉద్యోగం. కుక్క వచ్చేదాకా నాకు తోచదు, వచ్చి పట్టుకున్నాక వదిలేదాకా ఊపిరాడదు. నిమ్మళంగా ఉన్న పూట ఒక్కటీ నాకు గుర్తులేదు.

నన్ను కుట్టింది పాతబస్తీలో గుర్రపు జీన్లు కుట్టే ఖాజామియా. పెళ్ళి ఊరేగింపుల్లో గుర్రాలు తగ్గి కార్లు పెరిగాక ఆయనకు పని పల్చబడింది. అలాంటి రోజుల్లో కొమురయ్య అనే మనిషి వచ్చి, "కుక్క పండ్లు లోపలికి దిగొద్దు, గని దానికి కరిచినట్టే అనిపియ్యాలె," అన్నాడు. ఖాజామియా గడ్డం గోక్కున్నాడు. "కరవనీకి కుట్టాల్నా, కరవకుండ కుట్టాల్నా? ఒక్కటి చెప్పు భాయ్!" "రెండూ," అన్నాడు కొమురయ్య. ఆయన తిట్టుకుంటూనే కుట్టాడు. లోపల మందపాటి తోలు, పట్టుకోవడానికి ఒక కర్ర పిడి, పైన గోనె. బియ్యం బస్తా వాసన నాకు పుట్టుకతో వచ్చింది. ఎన్ని కుక్కలు నమిలినా అది పోలేదు.

కొమురయ్య వృత్తి దొంగతనం. కంగారు పడకండి, ఆదివారం పొద్దున మాత్రమే. ఘట్‌కేసర్ దాటాక ఒక మామిడితోట పక్కన మైదానం ఉంది. కాపలా కుక్కల క్లబ్బువాళ్ళు అక్కడ తమ కుక్కల ధైర్యాన్ని, బుద్ధిని పరీక్షించుకుంటారు. కొమురయ్య దొంగై దాక్కుంటాడు. కుక్క వెతికి కనిపెట్టి, ముట్టకుండా మొరగాలి. దొంగ పారిపోతే వెంటపడి పట్టుకోవాలి, యజమాని వదలమంటే వదలాలి. ఆఖరున ధైర్య పరీక్ష. మైదానం అవతలి కొస నుంచి దొంగ బెత్తం ఊపుతూ, అరుస్తూ కుక్క మీదికే పరిగెత్తుకొస్తాడు. కుక్క తోక ముడవకుండా ఎదురెళ్ళి పట్టుకోవాలి. పట్టుకోవలసింది నన్నే.

ధైర్యం కుక్కకు ఉంటే చాలు, యజమానికి అక్కర్లేదు. ఒక కాంట్రాక్టరు గారు తన రాట్‌వైలర్ నన్ను పట్టి విదిలిస్తుంటే మైదానం చుట్టూ కట్టిన తాడు బయట నిలబడి మీసం దువ్వుకునేవాడు. అదే కుక్క ఇంటికి పోయేటప్పుడు కారెక్కనని గుర్రుమంటే, "కొమురయ్యా, జర నువ్వెక్కియ్యి," అని నాలుగడుగులు వెనక్కి వేసేవాడు. కుక్క జంకితే యజమాని వారం రోజులు ఎవరికీ మొహం చూపించడు. కుక్క మాత్రం హాయిగా పోయి నీళ్ళు తాగుతుంది.

అన్ని కుక్కలూ నన్ను కోపంతో పట్టేవి. మిర్చి వేరు. అది ఇందుమతి టీచరు పెంచుకున్న జర్మన్ షెపర్డ్. ఇందుమతి సర్కారు బడిలో ఆటలు నేర్పుతుంది, ఉప్పల్‌లో ఒక అపార్టుమెంటులో ఒక్కతే ఉంటుంది. పిల్లల మీద రోజంతా అరిచి ఇంటికొచ్చాక ఆమె మెల్లగా మాట్లాడేది మిర్చితోనే.

మా మైదానంలో ఒక ఆచారం ఉంది. కుక్క గట్టిగా పట్టుకుంటే కొమురయ్య పిడి వదిలేసి నన్ను దానికే ఇచ్చేస్తాడు. గెలిచిన సొత్తన్నమాట. మిగతా కుక్కలు నన్ను నేలకేసి బాదేవి. మిర్చి మాత్రం పిల్లను మోసే తల్లిలా పళ్ళు ఆనీ ఆనకుండా పట్టి, తల ఎత్తుకుని మైదానమంతా తిప్పేది. నాకది ఎంత ఇష్టమో చెప్పలేను. ఇందుమతి అది చూసి మురిసిపోయి, కుక్కకు ఉత్సాహం పెరుగుతుందని వారం మధ్యలో నన్ను ఇంటికి కూడా తీసుకుపోయేది. మిర్చి నా మీద గడ్డం ఆనించి పడుకునేది. ఉత్సాహం పెరిగిన మాట నిజమే, కానీ అది దొంగ మీద కాదు, నా మీద. మిర్చి లెక్కలో దొంగంటే నన్ను తెచ్చిచ్చే మంచి మనిషి. జనమేమో అది పరిగెత్తినప్పుడల్లా ఏం ధైర్యం, ఏం ధైర్యం అని చప్పట్లు కొట్టారు.

ఒక సాయంత్రం కిరాణా కొట్టు మనిషి బియ్యం బస్తా భుజాన పెట్టుకుని ఆ అపార్టుమెంటు మెట్లెక్కుతున్నాడు. గోనె బస్తా. అప్పుడే ఇందుమతి మిర్చిని షికారుకు తీసుకుపోదామని తలుపు తీసింది. మిర్చి ఎగిరి బస్తా మూల అందుకుంది. అతను మెట్ల మీద దొర్లాడు, మణికట్టు విరిగింది. ఒంటి మీద పంటి గాటు ఒక్కటీ లేదు, కానీ విరిగిన చెయ్యి విరిగిందే కదా. ఆస్పత్రికి ఇందుమతే తీసుకుపోయింది. బస్తా కోసమే ఎగిరిందని ఆమె చెప్తే అపార్టుమెంటు వాళ్ళంతా నవ్వారు. కుక్కను పెంచేవాళ్ళంతా ఇలాగే చెప్తారన్నారు.

అపార్టుమెంటు సంఘం ప్రెసిడెంటు పురుషోత్తం గారు కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కుక్క ఉన్న గదిలోకి రాకుండా గుమ్మం బయట నిలబడి మాట్లాడాడు. మూలన పడి ఉన్న నేను అంతా విన్నాను.

"టీచరమ్మా, మంచిగ చెప్తున్న. దాన్ని ఎక్కడికన్న పంపియ్యి."

"ఆదివారం పరీక్ష ఉంది సార్. వచ్చి మీ కండ్లతోని చూడండి. పాసైతే ఉండనియ్యండి. కాకుంటే నేనే పంపిస్త."

పంపితే ఎక్కడికో నాకు తెలుసు. ఊరవతల గోదాముల వాళ్ళు క్లబ్బు కుక్కలను అడిగి తీసుకుపోతారు, గొలుసు వేసి గేటు దగ్గర కట్టేస్తారు. గొలుసుకు కట్టిన మిర్చిని తలుచుకుంటూ నేను ఆ వారమంతా స్థిమితంగా లేను.

ఆదివారం వచ్చింది. జడ్జి మేజర్ చక్రపాణి గారు, సైన్యంలో కుక్కల దళం నడిపిన మనిషి. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో పురుషోత్తం గారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకు కూర్చున్నాడు. మిర్చి వెతికింది, మొరిగింది, వెంటపడింది, వదలమంటే వదిలింది. వేలెత్తి చూపడానికేం లేదు. ఇక ధైర్య పరీక్ష మిగిలింది. కొమురయ్య నన్ను తొడుక్కుని గావుకేకలు పెడుతూ పరిగెత్తాడు. అటునుంచి మిర్చి బాణంలా వచ్చి నన్ను అందుకుంది. అదే క్షణంలో మంచుకు తడిసిన గడ్డి మీద కొమురయ్య కాలు జారింది. ఆయన వెల్లకిలా పడ్డాడు, నేను చేతి నుంచి ఊడి మిర్చి నోట్లో ఉండిపోయాను. ఆయన వట్టి చెయ్యి దాని మూతి ముందే ఉంది. షామియానా కింద ఎవరో కెవ్వుమన్నారు.

మిర్చి ఆయన మీంచి దాటుకుని, తోక ఊపుకుంటూ పోయి నన్ను ఇందుమతి కాళ్ళ దగ్గర పెట్టింది.

మేజర్ గారు దగ్గరికి వచ్చారు. "అమ్మా, ఇది పట్టుకుంది దొంగని కాదు, గోనెని. దొంగ కింద పడుంటే వాణ్ణి వదిలేసి బొమ్మ ఎత్తుకొచ్చింది. దీన్ని ధైర్యమని నేను రాయలేనండి. అయితే కాలు జారింది మావాడికి కాబట్టి ఇంకో అవకాశం ఇస్తాను. ఈ గోనె వద్దు. పల్చటి తొడుగు చొక్కా లోపల వేసుకుని వస్తాడు, బయటికి కనపడదు. చొక్కా చెయ్యి పట్టుకుందంటే పాస్."

"పట్టుకుంటదా కొమురయ్యా?" అంది ఇందుమతి.

"నేను రెచ్చగొడ్త గద టీచరమ్మా. పట్టుకుంటది."

ఒప్పుకో తల్లీ, ఒప్పుకో అని నా నారలన్నీ కొట్టుకున్నాయి. ఇందుమతి వంగి మిర్చి మెడ నిమిరింది.

"వద్దు సార్," అంది. "మనిషిని కరవొచ్చని దానికి ఇంతవరకు తెల్వదు. ఇయ్యాల పాస్ కోసం నేర్పిస్తే, రేపు మెట్ల మీద మర్చిపొమ్మంటే మర్చిపోతదా? ఫెయిలనే రాయండి."

అని నేరుగా షామియానా దగ్గరికి నడిచింది. మిర్చి నన్ను మళ్ళీ నోట కరుచుకుని వెంట వచ్చింది. "ఫెయిలైంది సార్. మాట ప్రకారం పంపిస్త," అంది.

పురుషోత్తం గారు గొడుగును అడ్డం పెట్టుకున్నాడు గానీ లేచిపోలేదు. "ఆగమ్మా. వాని చెయ్యి దీని నోటి కాడనే ఉండె గద. ఎందుకు ముట్టలే?"

"దానికి కావాల్సింది ఈ గోనె సార్. ఆనాడు బస్తాను గూడ ఇదే అనుకున్నది."

"మరి నాకు అప్పుడే చెప్పొద్దా?"

"చెప్పిన సార్. మీరు నవ్విన్రు."

ఆయన గొడుగు దించి నన్నే చూశాడు. కుక్కల చూపులు తప్ప అలవాటు లేని నాకు అదోలా అనిపించింది. "సరే, ఉండనియ్యి," అన్నాడు చివరికి. "గని ఈ తొడుగు మళ్ళ దాని కండ్ల పడొద్దు. ఈ ఆటే బంద్. బియ్యం గూడ ఇంకనుంచి ప్లాస్టిక్ సంచులల్లనే తెమ్మంట."

"సరే సార్!" అంది ఇందుమతి. ఎంత తొందరగా అందో! నన్ను గురించి అరక్షణం కూడా ఆలోచించలేదు. తప్పు పట్టను, ఆమె చోట ఉంటే నేనూ అదే అనేదాన్ని. అయినా నొచ్చుకున్నాను.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మిర్చిని వదలమంది. మిర్చి వదలలేదు. పొద్దుటి నుంచీ ఒక్క మాటకే వదిలిన కుక్క, నన్ను ఇంకాస్త లోపలికి పట్టింది. ఇందుమతి మళ్ళీ అడిగింది, ఈసారి ఏడుస్తూ. మిర్చి ఆమె మొహం చూసి నన్ను గడ్డి మీద పెట్టి, ఒకసారి నాకి, కారు వైపు నడిచింది. కొమురయ్య నన్ను రేకుల షెడ్డులో మేకుకు తగిలించాడు.

ఇప్పటికీ ఆదివారం పూట కుక్కలు నన్ను పట్టి విదిలిస్తూనే ఉన్నాయి. కుట్లు ఊడుతున్నాయి, తోలు బయటపడుతోంది, ఇంకెన్నాళ్ళో ఉండను. బయట కారు ఆగిన చప్పుడైతే చాలు, మిర్చి రాకూడదు అనుకుంటాను. అది ఇక్కడికి వచ్చిందంటే ఇందుమతి మాట తప్పినట్టే, దాని ఇల్లు పోయినట్టే. రాకూడదు, రానే కూడదు అనుకుంటూనే, కారు తలుపు తీసిన ప్రతిసారీ మొదట దిగేది ఎవరా అని చూస్తుంటాను.