జీవరత్నం ముందు పాలగిన్నె

ఆదివారం ఆరాధన ముగిశాక జీవరత్నం నేరుగా ఇంటికి వెళ్ళడు. బైబిలు సంచీ భుజాన వేసుకుని పటమట రైతుబజారు వెనక సందులో ఉన్న సంపూర్ణమ్మ టీకొట్టుకొస్తాడు. గోడవారనున్న ఇనప కుర్చీ ఆయనది. అందులో ఇంకెవరైనా కూర్చుని ఉంటే, వాళ్ళు లేచేదాకా నెత్తిమీద నిలబడి ఆవేళ్టి ప్రసంగాన్ని తిడతాడు. తరవాత కూర్చుని, టీ చప్పరిస్తూ, గాయక బృందం జోలికి వెళతాడు.

ఆయన ఆ జోలికి వెళ్ళాడంటే సంపూర్ణమ్మ పొయ్యి మీది పాలగిన్నె దించి, సందు చివర చెల్లెలి ఇంట్లో పెట్టొస్తుంది. ప్రసంగాన్ని ఎంత తిట్టినా పాలకేమీ కాదు. పాటను చీదరించుకుంటేనే దగ్గర్లో ఉన్న పాలు విరుగుతాయి. కోపంగా అరిస్తే విరగవు. ‘ఛీ, ఇదీ ఒక పాటేనా’ అని ఆయనకు లోపల అనిపించాలి. పైకి మెచ్చుకున్నా లాభం లేదు. మేనల్లుడి పెళ్ళిలో బ్యాండు మేళం వాళ్ళతో మర్యాదకి “బ్రహ్మాండంగా వాయించారు” అన్నాడు. వంటశాలలో రెండొందలమందికి కాచిన పాయసం ముక్కలు ముక్కలైపోయింది. మేళం వాళ్ళు అది చూసి, అడ్వాన్సు చాలని చెప్పి సన్నాయిలు సర్దుకున్నారు.

పటమటలో దీన్నెవరూ వింతగా చూడరు. కొత్తపాట కట్టినవాళ్ళెవరైనా సరే, క్రిస్మస్ పాటల కుర్రాళ్ళైనా, ఎన్నికల పాటలు అమ్ముకునేవాళ్ళైనా, ఒక పాల ప్యాకెట్ కొనుక్కుని సంపూర్ణమ్మ కొట్టుకొస్తారు. ఆమె గిన్నెలో పోసి పొయ్యి మీద పెడుతుంది. వాళ్ళు పాట వినిపిస్తారు. విరక్కపోతే బేరం కుదిరినట్టే. విరిగితే ఆమె అందులో బెల్లం వేసి దగ్గరగా ఉడికించి, ఆకుల్లో పెట్టి అమ్ముతుంది. టీ కంటే దాని మీదే ఆమెకు నాలుగు రాళ్ళు ఎక్కువ మిగులుతాయి, ఎందుకంటే జీవరత్నానికి నచ్చే పాట ఏడాదికొకటి కూడా రాదు.

ఆయనకు అన్నిటికంటే చీదర ‘నల్లరేగడి’. అది ఒకప్పుడు పటమటలో పుట్టిన రాక్ బ్యాండు. ఇశ్రాయేలు గిటారు పట్టుకుని పాడేవాడు, నతానియేలు డ్రమ్ములు. నతానియేలు వాళ్ళ నాన్నకు బియ్యం బస్తాల షెడ్డు ఉంటే అందులో సాధన చేసేవాళ్ళు. జీవరత్నానికి అప్పట్లో లారీ బుకింగ్ ఆఫీసులో పని. సాయంత్రం పని దిగి, బస్తాల మీద కూర్చుని వినేవాడు. వాళ్ళకు వేరే శ్రోత లేడు. ఇశ్రాయేలు ఆయన మొహం చూస్తూ పాడేవాడు. మొహం మాడితే పాట ఆపి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

తరవాత వాళ్ళకు పేరొచ్చింది. మద్రాసు వెళ్ళారు. పాటల్లోకి కీబోర్డులొచ్చాయి, వయొలిన్లొచ్చాయి, వెనక ఇరవైమంది ఆడపిల్లల కోరస్సులొచ్చాయి. మూడో క్యాసెట్టు పటమటలో మోగిన రోజు డెయిరీ వ్యానులో పాలు మొత్తం విరిగిపోయాయి.

ఆ బ్యాండు ఇన్నేళ్ళ తరవాత, అందరి జుట్టూ నెరిశాక, ఒక ఆల్బమ్ చేసింది. పేరు ‘పాత షెడ్డు’. అదే షెడ్డులో, అవే గిటార్లతో, ఒకే మైకు పెట్టి, కంప్యూటరుతో ఏమీ దిద్దకుండా పాడామని చెప్పుకున్నారు. మొదటికి వచ్చేశామన్నారు.

శనివారం మధ్యాహ్నం ఇశ్రాయేలు కూతురు కృప జీవరత్నం ఇంటికొచ్చింది. ఆల్బమ్ రికార్డు చేసింది ఆ పిల్లే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“బాబాయ్, నాన్న గొంతులో గడ్డ ఉంది. వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టరుగారు. చేస్తే గొంతు మిగుల్తుందో లేదో చెప్పలేమన్నారు. నాన్నేమో హాల్లో ఒక్క ప్రోగ్రాం చేసేదాకా కత్తి పెట్టనివ్వనంటున్నాడు.”

“హాలు ఎవడిస్తాడు వాడికి?”

“గవర్నర్‌పేటలో మిక్సీల షాపు తిరుపతిరావుగారు. కుర్రాడిగా ఉన్నప్పట్నించీ నాన్నకు అభిమాని. రెండు నెలలాగి పండక్కి పెట్టిద్దామంటున్నారు. అంతకాలం ఆగితే... రేపు ఆయన పాలు పట్టుకుని వస్తారు. విరగ్గొట్టండి బాబాయ్, హాలు లేదంటే ఆపరేషన్‌కి ఒప్పుకుంటాడు. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

జీవరత్నం నవ్వాడు. “దానికి కాళ్ళెందుకే? ‘నల్లరేగడి’ని చీదరించుకోమని నన్నొకళ్ళు బతిమాలాలా? ఊరికే చేసిపెడతాను, పో.”

ఆదివారం సంపూర్ణమ్మ కొట్టు ముందు బల్లలు నిండిపోయాయి. తిరుపతిరావు కారు దిగి, మూతపెట్టిన ఇత్తడి చెంబు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

“ప్యాకెట్ పాలు నమ్మనండీ నేను. మా ఇంటి గేదె పాలు. పొద్దున్నే పిండించా.”

“గేదెదైనా మేకదైనా వినేది నా చెవులేగా,” అన్నాడు జీవరత్నం.

సంపూర్ణమ్మ సగం పాలు గిన్నెలో పోసి పొయ్యి వెలిగించింది. కృప ఫోనుని స్పీకరుకి తగిలించింది. పాట మొదలు కాకముందే చర్చిలో కీబోర్డు వాయించే బెన్నీ అందుకున్నాడు.

“నేను నాలుగుసార్లు విన్నానండీ. చాలా రా సౌండు.”

“రా అంటే?”

“అంటే... పచ్చిగా అన్నమాట.”

“పచ్చి వంకాయ కూడా పచ్చిగానే ఉంటది. తింటావా?”

కాలేజీకెళ్ళే రుచిత చెవుల్లోంచి తీగలు లాగింది. “అలా కాదంకుల్. నెట్‌లో కామెంట్లు చూడండి, జనాలు ఏడుస్తున్నారు.”

“ఏడవరూ మరి? డబ్బు పెట్టి కొనుక్కున్నాక.”

“ఫ్రీయే అంకుల్.”

“ఫ్రీగా ఇచ్చినా ఏడుస్తున్నారా! అయితే ఎలా ఉందో నువ్వే చెప్పేశావు.”

బల్లల మీద నవ్వులు. తిరుపతిరావు మాత్రం నవ్వలేదు. “ఏవండీ జీవరత్నం గారూ, ఈ వయసులో అంత కష్టపడి పాడారంటే మెచ్చుకోవాలి గదండీ?”

“ఈ వయసులో నేను మేడమెట్లు ఎక్కుతున్నాను. రేపొచ్చి చప్పట్లు కొట్టండి.”

కృప పాట పెట్టింది. ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు బురదలో కొర్రమీనులు పట్టుకునే పిల్లల పాట అది. షెడ్డు రేకు కింద పాడిన పాత పాటే. గిటారు మోగింది, డ్రమ్ము మోగింది, ఇశ్రాయేలు గొంతు ఎక్కడో దూరంగా, జాగ్రత్తగా వినిపించింది. పల్లవి సగంలో ఉండగానే గిన్నెలో పాలు చిటుక్కుమని విడిపోయాయి.

“చూశారా,” అన్నాడు జీవరత్నం తృప్తిగా. “మైకు పాతదే. గిటారు పాతదే. పాడేవాడు ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. పాత చొక్కా తొడుక్కుంటే కుర్రాడైపోతాడా ఎవడైనా? బొత్తాలు పట్టవు.”

తిరుపతిరావు చేతిరుమాలుతో మొహం తుడుచుకుని కారు తాళాలు వెతుక్కున్నాడు. “సరేనండీ. హాలు మాట మర్చిపోదాం.”

కృప తల వంచుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

“ఏరా జీవా.”

అందరూ తిరిగి చూశారు. మెడకి మఫ్లరు చుట్టుకుని, వీపున గిటారుతో ఇశ్రాయేలు సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. చర్చి నించి అటే వచ్చినట్టున్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

“అదే షెడ్డు, అవే వాయిద్యాలు. తుప్పు కూడా అదే. ఇంకేం కావాలిరా నీకు?”

“ఎవడి మొహం చూసి పాడావు?”

“రికార్డింగు కదా, ఎవరుంటారు?”

“గోడకి పాడావన్నమాట. ఇంకేం, గోడకి నచ్చే ఉంటది.”

“కబురు పెడితే వచ్చేవాడివా?”

“రాను.”

“మరి?”

“పెట్టాలి గదా!” అని అరిచాడు జీవరత్నం. ఆ అరుపుకి కొట్టు ముందు గింజలేరుకుంటున్న కోళ్ళు చెదిరిపోయాయి. “రేకులు గుర్తున్నాయి, బస్తాలు గుర్తున్నాయి, మేకులు కూడా వెతికి పట్టుకొచ్చారంట. బస్తాల మీద కూర్చున్నోడు మాత్రం గుర్తులేడు. మొదటికొచ్చారంట మొదటికి!”

ఇశ్రాయేలు స్టూలు ఒకటి ఈడ్చుకొచ్చి, మోకాలికి మోకాలు తగిలేలా జీవరత్నం ఎదురుగా కూర్చున్నాడు. గిటారు తీశాడు. మఫ్లరు విప్పాడు.

“నాన్నా, వద్దు,” అంది కృప.

“సంపూర్ణమ్మా, మిగిలిన పాలు పెట్టు,” అన్నాడు ఇశ్రాయేలు.

వేరే గిన్నెలో పోసి పెట్టింది. ఇశ్రాయేలు అదే పాట ఎత్తుకున్నాడు. ఈసారి గొంతు దాచుకోలేదు. జీవరత్నం మొహంలోకి చూస్తూ, ఉన్నదంతా తీసి పాడాడు. అది బాగున్న గొంతు కాదు. రంపం కర్రని కోస్తున్నట్టుంది. చరణం చివర రెండు మాటలకి గాలే వచ్చింది, శబ్దం రాలేదు. అయినా ఆగలేదు.

జీవరత్నానికి కృపకిచ్చిన మాట గుర్తుంది. పాలు విరగాలి. లేకపోతే వీడు రెండు నెలలు గొంతు చించుకుని చస్తాడు. అందుకని ఉన్న చీదరనంతా కూడగట్టుకున్నాడు. మద్రాసు వయొలిన్లు తలుచుకున్నాడు. ఇరవైమంది కోరస్సునీ తలుచుకున్నాడు. ఇశ్రాయేలు జుట్టుకేసుకున్న నల్లరంగు చెవుల దగ్గర మరకలు కట్టింది, దాన్ని తేరిపార చూశాడు. “ఛీ,” అన్నాడు. పాలు తెల్లగా ఉన్నాయి. “చెత్త. శుద్ధ చెత్త.” పాల మీద మీగడ పలచగా పరుచుకుంది. కుర్చీలోంచి లేచి, గిన్నె మీదకి వంగి, “ఇంత దరిద్రపు పాట నా జన్మలో వినలేదు!” అని పాల మొహానే అరిచాడు.

పాలు పొంగాయి. అందరూ పాటలో ఉండి మంట తగ్గించేవాళ్ళు లేకపోయారు. గిన్నె అంచు దాటి, పొయ్యి ఆర్పేసి, బల్ల మీదనించి నేలకి కారాయి.

పాట అయిపోయింది.

“హాలు ఖాయమండీ!” తిరుపతిరావు జేబులోంచి ఫోను తీశాడు. “రేపే అడ్వాన్సు కట్టేస్తా.”

కృప జీవరత్నం వంక చూసింది. ఆ చూపుకి ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడి వెనక్కి ఒదిగిపోయాడు.

“శక్తికొద్దీ తిట్టానమ్మా,” అన్నాడు మెల్లగా. “నీ ఎదురుగానే గదా. అవి విరగలేదు, నేనేం చెయ్యను?”

ఇశ్రాయేలు ఒకసారి కూతుర్ని, ఒకసారి పాత స్నేహితుణ్ణి చూశాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏం నడిచిందో అర్థమైనట్టుంది. దగ్గు వచ్చి చాలాసేపు దగ్గాడు.

“హాలొద్దండీ తిరుపతిరావు గారూ.”

“అదేంటండీ! పాలు చూశారు గదా?”

“చూశాను. నేను హాలు కావాలనుకున్నది వీడు వినడం లేదనే. వీడు విన్నాడు. ఇంక వెయ్యిమందిని కూర్చోబెట్టి చేసేదేముంది?” మఫ్లరు చుట్టుకున్నాడు. “కృపా, డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. రేపొస్తామని చెప్పు.”

“రెండో చరణంలో శ్రుతి పోయింది,” అన్నాడు జీవరత్నం.

“పోయింది,” అని ఒప్పుకున్నాడు ఇశ్రాయేలు.

ఆ సోమవారం ఆపరేషన్‌లో ఇశ్రాయేలు గొంతు పోయి మనిషి మిగిలాడు. ఇంకొక్క నెల ఆలస్యమైతే మనిషీ మిగిలేవాడు కాదని డాక్టరు కృపతో అన్నాడు. అది తరవాతి మాట. ఆ ఆదివారం మాత్రం కృప స్కూటీ వెనక గిటారుకి చోటు చాల్లేదు. ఇశ్రాయేలు దాన్ని జీవరత్నం ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు. బల్లలు ఖాళీ అయ్యాయి. ఎండ గోడ దిగి కుర్చీ మీదకొచ్చింది. తీగలు తుప్పట్టాయనీ, కర్రకి పాలిష్ పెట్టిన పాపాన పోలేదనీ, ఎండకి గిటారు మెడ వంగితే ఎవడు బాగుచేయిస్తాడనీ తిట్టుకుంటూ, జీవరత్నం కుర్చీతో సహా నీడలోకి జరిగాడు.