ఎర్ర సైన్యం ఎవరిది

ఆదివారం పొద్దున్నే ఎర్ర సైన్యానికి స్నానం చేయించాలి. వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, బకెట్లో సర్ఫు నీళ్ళు కలుపుకుని, సౌభాగ్య ఒక్కొక్క సిపాయినీ ముంచి తీసి పాత బనీను గుడ్డతో తుడుస్తోంది. సిపాయి అంటే ఒకదాని మీద ఒకటి బిగించిన మూడు ప్లాస్టిక్ ఇటుకలు. నాలుగైతే హవల్దారు. చక్రాల ముక్క మీద పొడుగు ఇటుక పెడితే ఫిరంగి. ఎర్రవి నలభై, నీలివి నలభై. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో బొగ్గు నుసి దేన్నీ వదలదు, సైన్యమైతే మాత్రం దానికి భయమా!

అసలివి కూతురు శ్వేత ఆరో పుట్టినరోజుకి కొన్న బొమ్మ ఇటుకలు. పిల్ల రెండు రోజులు వాటితో ఇల్లు కట్టుకుంది. మూడో రోజు గోవిందరావు పక్కన చతికిలబడి, "ఇల్లు కాదే గుంటా, దీంతో యుద్ధం ఆడాల" అన్నాడు. గోవిందరావు గూడ్సు డ్రైవరు. సౌభాగ్యకి మేనబావ, మొగుడు. ఆ రోజు పోయిన ఇటుకలు మూడేళ్ళయినా పిల్ల చేతికి తిరిగి రాలేదు. పైగా ఇంకో రెండు పెట్టెలు కొన్నాడు, వ్యాపార్ విహార్ బజారు నుంచి ప్లైవుడ్ పలక మోయించుకొచ్చాడు. దాని మీద పచ్చిక బయలుకి సౌభాగ్య ఆకుపచ్చ చీర పరిచాడు. కొండలకి ఆమె ఉప్మా గిన్నెలు బోర్లించాడు. దూరం కొలవడానికి ఆమె కుట్టుమిషను టేపు పట్టుకుపోయాడు. యుద్ధభూమి మొత్తం ఆమె సామానే. ఆమెకి కుర్చీ మాత్రం లేదు.

ఒక్కో యుద్ధం నెలా రెండు నెలలు సాగుతుంది. ఆదివారం ఆదివారం ఆట. అదీ పూర్తిగా సాగితేగా! డ్రైవరు బతుకంటే డ్యూటీ కబురు తెచ్చే కాల్‌మ్యాన్ సైకిలు గంట మోగడమే. రిజిస్టరు తెచ్చి సంతకం పెట్టించుకుంటాడు, రెండు గంటల్లో డ్యూటీలో ఉండాలి. ఆట ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఇంట్లో ఉన్నది ఒకే బల్ల. మర్నాడు దాని మీద కూర తరగాలి, ఇస్త్రీ చెయ్యాలి, పిల్ల హోంవర్కు రాసుకోవాలి. అందుకని సౌభాగ్య ఎనభై మందినీ పళ్ళెంలోకి ఏరి, పలక మంచం కిందికి తోసి, వచ్చే ఆదివారానికి ఎవర్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాలి.

మొదట్లో ఒకసారి ఒక ఫిరంగిని తప్పుచోట పెట్టింది. "నాలుగు బొమ్మలు సరిగ్గా పెట్టడం సేతకాదేటే నీకు! బుర్రేటి, గుమ్మడికాయేటి అది?" అన్నాడు గోవిందరావు అందరిముందూ. అందరూ అంటే ఎవరో కాదు, బొగ్గు ఆఫీసులో పనిచేసే స్నేహితుడు శేషగిరిరావు, ఆయన భార్య సౌమ్య. సౌమ్య నవ్వలేదు. నవ్వకపోవడానికే సౌభాగ్యకి ఇంకా కాలింది.

అప్పటినుంచీ ఆమె యుద్ధాన్ని కంఠతా పట్టింది. పోపుల డబ్బాలో ఆవాలెక్కడో మెంతులెక్కడో చేతికి తెలిసినట్టు, ఏ గిన్నె వెనక ఎవడున్నాడో తెలుసు. గుర్తుపెట్టుకోవాలంటే వాడు అక్కడ ఎందుకున్నాడో తెలియాలి కదా! అలా పకోడీలు వేయిస్తూ, టీలు అందిస్తూ, గుమ్మంలోంచి చూస్తూ చూస్తూ ఆట మొత్తం వచ్చేసింది. వచ్చిందని ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

ఇక సౌమ్య సంగతి. ఆవిడ బ్యాంకులో పని చేస్తుంది. మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఊరి చివరి కోని నుంచి స్కూటరు తనే నడుపుకుంటూ వస్తుంది. మొదట్లో ఆడింది శేషగిరిరావే. ఒకరోజు ఊసుపోక ఆవిడ చెయ్యి పెట్టి, రెండు వారాల్లో గోవిందరావు నడుం విరగ్గొట్టింది. అంతే, నీలి సైన్యం ఆవిడదైపోయింది, శేషగిరిరావు దెబ్బ తగిలిందో లేదో తేల్చే పాచికలు వేసే మనిషయ్యాడు. "సౌమ్యగారి బుర్రే బుర్ర బాబూ! ఆడదానికి అంత ఆలోచనేటి!" అని గోవిందరావు వారమంతా తలుచుకుంటాడు. అన్నం కలుపుకుంటూ అంటాడు. షూ లేసులు కట్టుకుంటూ అంటాడు. సౌభాగ్య మీద నూనె చింది మోచెయ్యి బొబ్బలెక్కితే "అయ్యో" అనని మనిషి, సౌమ్య ఫిరంగి తిప్పిన తీరుకి "ఓలమ్మో ఓలమ్మో" అంటాడు.

అసూయే. దానికి ఇంకో పేరు పెట్టడం ఎందుకు? సౌభాగ్యకి కడుపు రగిలిపోయేది. ఆవిడ తాగిన కప్పు బల్ల మీదే వదిలేస్తే రగిలేది. చీర కొంగు నడుంలో దోపుకుని ఆవిడ బల్ల మీదికి వంగితే రగిలేది. మొదట మొగుడి గురించి భయమేమో అనుకుంది. ఒక మధ్యాహ్నం పెసరపప్పు ఏరుతూ నిజం ఒప్పుకుంది. ఛ, మొగుణ్ణి ఎవరెత్తుకుపోతారు, ఆ గురకతో సహా! ఆవిడ మీద తన కుళ్ళంతా ఆ కుర్చీ గురించి. ఆలోచిస్తూ గంటసేపు కూర్చుంటే, ఎవరూ "ఊరికే కూర్చున్నావేటి" అనని కుర్చీ అది.

సౌమ్య ఓడిపోవాలి. ఏడుస్తూ స్కూటరెక్కాలి. ఆ కోరిక పుట్టిన వారమే, ఆదివారం పొద్దున సైన్యాన్ని బల్ల మీద సర్దుతూ సౌభాగ్య ఎర్ర ఫిరంగిని ఎడమ కొండ వెనక్కి జరిపింది. జానెడే. ఒక వంతులో ఒక్క బొమ్మ, ఒక్క జానెడు, అది ఆటలో న్యాయం. దొంగతనంలో కూడా ఆమె న్యాయం తప్పలేదు. గోవిందరావు రాయగఢ్ నుంచి రాత్రంతా బండి నడిపి వచ్చిన కళ్ళతో బల్ల చూసి, "ఆఁ, దీన్ని ఇక్కడ పెట్టింది నానే కదా" అని మీసం దువ్వుకున్నాడు. మరుసటి వారం ఇంకో జానెడు. ఆరో వారానికి నీలి సైన్యం గిన్నెల మధ్య ఇరుక్కుపోయింది. గోవిందరావు గెలిచాడు.

ఆ రోజు అతని సంబరం చూడాలి! "సూసినారా బావగారూ, ఆరు వారాల ముందే లెక్కేసి పెట్టినాను ఆ ఫిరంగిని!" అని శేషగిరిరావు వీపు చరిచాడు. "సౌభాగ్యా, పాయసం సెయ్యే!" అని కేకేశాడు. గెలిస్తే కడుపు చల్లబడుతుందనుకుంది సౌభాగ్య. చల్లబడలేదు సరికదా, మంట పక్క మార్చుకుంది. పాలు పొయ్యి మీద పెట్టి సేమ్యా వేయించింది. గెలిచింది తను. మీసం దువ్వుకుంటున్నది వాడు. ఇన్నాళ్ళూ సౌమ్య మీదున్న అసూయ మొత్తం మొగుడి మీదికి మళ్ళింది, అదీ రెండింతలై.

"పాలు పొంగుతున్నాయి" అంది వెనకనుంచి సౌమ్య. వంటింట్లోకి ఆవిడ రావడం అదే మొదలు. తన కప్పు తనే తెచ్చి తొట్టిలో పెట్టింది. సంచీలోంచి చిన్న డైరీ తీసి విప్పింది. ఆరు ఆదివారాల ఆట, ఏ బొమ్మ ఎక్కడ ఆగిందో, గళ్ళు గీసి రాసి ఉంది.

"ప్రతి వారం ఆట ఆగినచోటికీ, మళ్ళీ మొదలైనచోటికీ మధ్య ఒక్క ఎత్తు తేడా. ఒక్కటే. మీరే కదూ?"

సౌభాగ్య గరిటె పక్కన పెట్టింది. "తప్పు జరిగింది సౌమ్యగారూ. బావకి సెప్పకండి. మీరు ఓడిపోవాలని... మిమ్మల్ని సూస్తే నాకు ఒళ్ళు మంట."

"తెలుసు. మీరు టీ కప్పు బల్ల మీద పెట్టే చప్పుడే చెప్పేది." సౌమ్య నవ్వింది. "రెండో వారమే కనిపెట్టాను. చెబితే మీ ఆట ఆగిపోతుందని ఊరుకున్నాను. గోవిందరావుగారితో ఆడాలంటే నాకు నిద్రొస్తుంది. ఆరు వారాలూ నేను ఆడింది మీతోనే. బ్యాంకులో కూర్చుని కూడా, ఈ వారం సౌభాగ్యగారు ఏం జరుపుతారా అని ఆలోచించేదాన్ని."

సౌభాగ్య పొయ్యి కట్టేసింది. తన గురించి ఇంకొకరు వారమంతా ఆలోచించారంటే నమ్మబుద్ధి కాలేదు. పెళ్ళయి పదేళ్ళలో ఆమె గురించి ఎవరు అంతసేపు ఆలోచించారు గనక!

మళ్ళీ ఆదివారం కొత్త యుద్ధం మొదలైంది. అరగంట కాలేదు, గుమ్మంలో సైకిలు గంట మోగింది. కాల్‌మ్యాన్ ఎర్రయ్య రిజిస్టరు చాచి, "కట్నీ గూడ్సు బాబూ" అన్నాడు. గోవిందరావు సంతకం పెట్టి, "నా వంతు మిగిలిపోనాది, వచ్చాక ఆడతాను" అంటూ లేచాడు. సౌభాగ్య వైపు చూడకుండానే, "రొట్టెలు కట్టే. బోర్డు జాగ్రత్త, ఏటీ కదపకు" అన్నాడు.

"మీ వంతు సౌభాగ్యగారిని ఆడమనండి" అంది సౌమ్య.

"అచ్ఛా! దానికేటి తెలుసండీ, తుడవడం తప్ప?"

సౌభాగ్య చెయ్యి కొంగుకి తుడుచుకుంది. అతను లేచిన కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. అందులో కూర్చుంది. టేపు చాచి కొలిచింది. ఎర్ర ఫిరంగిని ఎడమ కొండ వెనక్కి జానెడు జరిపింది.

గోవిందరావు చొక్కా గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. "అది నా ఎత్తు కదేటే! పోయినసారి నాను గెలిచింది దాంతోనే."

"నీది కాదు బావా. ఆరు వారాలూ నాదే" అంది సౌభాగ్య, బల్ల మీంచి కళ్ళెత్తకుండా. "రొట్టెలు పెనం పక్కనున్నాయి, కూర బాణలిలో ఉంది. డబ్బా నువ్వు కట్టుకో."