మస్కట్ నుంచి వచ్చిన సంతకం

పంకజ్ తెచ్చిన కాగితం మీద అన్న సంపత్ సంతకం నీలంగా మెరుస్తోంది. మస్కట్ నుంచి మెయిల్‌లో వచ్చిందట. అంజూర్ ఫాటాలో సైబర్ కేఫ్‌కు పోయి ప్రింటు తీయించాడు. కనేరిలో కరెంటు సాంచెల మీద బట్ట నేసే తన షెడ్డు అమ్మడానికి తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తున్నట్టు అందులో ఉంది. సంపత్ భార్య శోభ కాపురం ఆ షెడ్డు అటక మీదే.

"అన్న నమ్మి పవర్ ఇచ్చిండు వదినా. నువ్వేమో దొంగను చూసినట్టు చూస్తున్నవు."

"నాకు ఫోన్ చేసి నెలలాయె. నీకైతే సంతకాలు పంపుతున్నడు."

"ఫోన్‌కు మస్తు ఖర్చు. మెయిల్ ఫుకట్."

వకీలు సుశీలాబాయి ఆ కాగితం చదివి తిరిగి ఇచ్చేసింది. కొత్త చట్టం కంప్యూటర్ సంతకానికి విలువ ఇచ్చింది కానీ, పవర్ ఆఫ్ అటార్నీకి అది పనికిరాదని హిందీలో నిదానంగా చెప్పింది. సంపత్ అక్కడి మన ఎంబసీకి స్వయంగా వెళ్ళి, అధికారి ఎదుట కాగితం మీద సంతకం పెట్టాలి.

"ఇంకోటి. ఇచ్చినవాడు బతికున్నంతవరకే పవర్. మనిషి పోతే అదీ పోతుంది. అప్పుడు ఈమె ఒప్పుకోనిదే షెడ్డులో ఇటుక కూడా కదలదు."

తిరిగి వస్తూ రిక్షాలో శోభ అంది: "ఎంబసీకి పొమ్మను. షెడ్డు పోతే పోనీ. మనిషి అక్కడ నిలబడి సంతకం పెట్టిండని తెలిస్తే చాలు నాకు."

అమ్మకానికి ఒప్పుకొమ్మని ఇన్నాళ్ళూ ఆమె వెంటపడిన పంకజ్ సంతోషించలేదు. "ఆయనకు సెలవు దొరకది, తియ్యి" అన్నాడు బయటికి చూస్తూ.

సాయంత్రానికే ఇంకో ప్రింటు తెచ్చాడు. 'నేను బాగున్న. ఎంబసీ దూరం. తమ్ముడు చెప్పినట్టు చెయ్యి.' కింద అదే నీలం సంతకం.

మర్నాడు పొద్దున కరెంటు పోయింది. చప్పుడు లేని షెడ్డు శోభకు పరాయి ఇల్లులా తోచింది. ఒక సాంచెకు నిలువు పోగులు చుట్టిన కొత్త బీము ఎక్కించారు. కొత్త బీముకు మొదటి పోగు యజమాని అతకాలి. ఆయన ఊళ్ళో లేకపోతే ఆయన తువ్వాల భుజాన వేసుకుని భార్య అతుకుతుంది. ఆయనే కన్నుమూస్తే తోడబుట్టినవాడు. నేతవాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

శోభ తువ్వాలతో నిచ్చెన దిగేసరికి పంకజ్ సాంచె మీదికి వంగి ఉన్నాడు. మొదటి పోగు అప్పటికే అతికేశాడు.

పాత పనివాడు భూమయ్య అతని వంక చూశాడు. శోభ భుజం మీది తువ్వాల చూశాడు. తల దించుకున్నాడు.

"ఎప్పుడు, పంకజ్?" అంది శోభ.

పంకజ్ తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"నిన్న గూడ మెయిల్ వచ్చె గద వదినా" అన్నాడు మెల్లగా.

ఆ ముడి విప్పాలని అతని వేళ్ళు బీము మీద వెతుకుతున్నాయి. అది వేల పోగుల్లో ఎక్కడో కలిసిపోయింది.